గుట్ట వెనక డెబ్బై డిగ్రీలు

నేను ఫిజిక్స్ చెప్తాను. తెలంగాణ వచ్చిన ఏడే నల్గొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. విసిరిన వస్తువు ఎంత దూరం పోతుంది, ఎంత ఎత్తు లేస్తుంది, ఫలానా చోట పడాలంటే ఏ కోణంలో విసరాలి అనే పాఠం నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ ధీమాతోనే మా నాయినను చంపబోయాను. ఈ మాట పెద్దదిగా అనిపించవచ్చు. కానీ ఆ రోజు ఒకటిన్నర నుంచి నాలుగింటి దాకా నాలో నేను అనుకున్న మాట అదే. ఇప్పుడు దాన్ని మెత్తగా చేసి రాయడం నాకు చేతకాదు.

మా ఊరు దేవరకొండ బస్సు దారిలో ఉంటుంది. రోడ్డు మీద దిగి మూడు కిలోమీటర్లు లోపలికి ఆటోలో పోవాలి. నాయినకు గొర్రెల మంద ఉంది. ఆయనకు అంకెలు రావు. వంద దాకా లెక్కపెట్టమంటే నలభై దగ్గర నవ్వి ఊరుకుంటాడు. కానీ మంద నడుస్తుంటే ఒక్కసారి చూపు తిప్పి, "కుంటిదాని పిల్ల రాలె" అంటాడు. వెనక్కి పోయి చూస్తే నిజంగానే అది ఏదో ముళ్లకంపలో చిక్కుకొని అరుస్తుంటుంది. అట్లాంటి మనిషికి చదువంటే విపరీతమైన గౌరవం. నా పుస్తకాల మీద కాలు తగిలితే ఇప్పటికీ కళ్లకద్దుకుంటాడు.

ఊరి పక్కన ఒక రాళ్ల గుట్ట ఉంది. ఎండాకాలం పగటి పూట గొర్రెలు మేయవు. ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి నిలబడిపోతాయి. అప్పుడు మందను నీడకు తోలి పండబెట్టాలి, ఎండ వాలేదాకా కదిలించకూడదు. మధ్యాహ్నం దాటితే గుట్టకు తూర్పున మంచి నీడ పడుతుంది. మా తాత కూడా అక్కడే మందను ఆపేవాడు. ఐదారేళ్ల కింద గుట్టకు పడమట కంకర మిషన్ వచ్చింది. కొన్ని రోజులకొకసారి బండకు బొక్కలు కొట్టి, మందు పెట్టి, సాయంత్రం నాలుగింటికి పేలుస్తారు. పేల్చేముందు ఒక మనిషి సీటీ ఊదుకుంటూ గుట్ట చుట్టూ తిరిగి అందరినీ లేపేవాడు. నాయిన తిట్టుకుంటూ మందను లేపి, గంట సేపు ఎండలో నిలబెట్టి, మళ్లీ తెచ్చుకునేవాడు.

నేను చెప్పే ఆ ఏడు ఎండాకాలం మొదట్లో ఒక రాయి వచ్చి ఊరి చివర రేకుల ఇంట్లో పడింది. రేకు చీల్చుకొని పొయ్యి పక్కన పడింది. ఆ ఇంటామె నీళ్లకని బయటికి పోయిందట, లేకపోతే మనిషి దక్కేది కాదు. ఊరంతా పోయి మిషన్ దగ్గర కూర్చుంటే, ఇకనుంచి మందు తక్కువ పెడతామని చెప్పి పంపించారు. అప్పటినుంచి నాయిన గుట్ట నీడకు పోవడం మానేశాడు. మందను తోలుకొని రెండు మైళ్ల అవతల నీళ్లు ఎండిన చెరువు శిఖానికి పోయేవాడు. అక్కడ తుమ్మచెట్లు నాలుగు, వాటి నీడ ఆయనకే చాలదు. రెండు చిన్నపిల్లలు ఎండకు చచ్చిపోయాయి. నాయిన మోకాళ్లు వాచిపోయాయి.

ఉగాదికి నేను ఇంటికి పోయినప్పుడు అమ్మ ఆయన కాళ్లకు కొబ్బరినూనె రాస్తూ ఉంది. నాయిన నన్ను చూసి అడిగాడు. "బిడ్డా, నువ్వు పిల్లలకు చెప్పేది గిదే గద. రాయి ఏడికెల్లి లేస్తే ఏడ పడ్తదని. మరి గుట్టెనకకు రాయి వస్తదా రాదా, జర లెక్కేసి చెప్పు."

ఆయన అట్లా అడగడం నా జీవితంలో అదే మొదటిసారి. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. ఫోన్‌లో మ్యాపు తెరిచి దూరాలు కొలిచాను. రేకుల ఇల్లు మిషన్ నుంచి నాలుగు వందల మీటర్లు. అంతకంటే దూరం పోయిన రాయిని ఎవరూ చూడలేదు. అంటే రాయి వేగం తేలిపోయింది. నాయిన కూర్చునే చోటు రెండు వందల అరవై మీటర్లు. ఇంకేముంది, సూత్రంలో వేశాను. ఫోన్ క్యాలిక్యులేటర్ నలభై అని చూపించింది, దాన్ని సగం చేస్తే ఇరవై. అక్కడ పడాలంటే రాయి ఇరవై డిగ్రీల వాలులో లేవాలి. అంత వాలుగా పోయే రాయికి మధ్యలో గుట్ట అడ్డం వస్తుంది. గుట్ట దాని దారికంటే రెండింతలు ఎత్తు. పెళ్లి పత్రిక వెనక బొమ్మ గీసి నాయినకు చూపించాను.

"ఇగో ఇది మిషన్. ఇది గుట్ట. రాయి గిట్ల వస్తది, గుట్టకు తగులుతది, ఆగిపోతది. నువ్వు నిమ్మళంగ కూసో."

నాయిన ఆ పత్రికను మడిచి బనీను జేబులో పెట్టుకున్నాడు. మరునాటి నుంచి మంద గుట్ట నీడకు పోయింది. హోటల్ దగ్గర, గుడి అరుగు మీద, ఎవరు కనబడితే వాళ్లకు మా బిడ్డ లెక్కేసిందని చెప్పాడట. అమ్మ ఫోన్‌లో నవ్వుతూ చెప్తే నేనూ నవ్వాను. అంతటితో ఆగానా అంటే అదీ లేదు. ఆ లెక్క మీద మోజు తీరక, ఎంట్రన్స్ క్లాసుల్లో వారం పరీక్షకు దాన్నే ప్రశ్నగా ఇచ్చాను. అత్యధిక వ్యాప్తి నాలుగు వందల మీటర్లు, లక్ష్యం రెండు వందల అరవై మీటర్లు, ప్రక్షేపణ కోణం ఎంత? నాలుగు ఆప్షన్లు. అందులో ఒకటి ఇరవై.

ఆ పరీక్ష పెట్టింది ఏప్రిల్‌లో ఒక గురువారం. ఒంటిగంటకు పరీక్ష అయిపోయింది, నేను స్టాఫ్‌రూంలో టిఫిన్ డబ్బా తెరిచాను. ఒక అమ్మాయి తలుపు దగ్గర నిలబడింది. చండూరు వైపు పిల్ల, ఎక్కువ మాట్లాడదు.

"మేడం, ఆ కోణం లెక్కకు నాకు రెండు జవాబులొచ్చినయి. ఇరవై, డెబ్బై. డెబ్బై ఎందుకు తప్పు?"

"ఆప్షన్లల్ల ఉన్నదా?" అన్నాను, అన్నం కలుపుతూనే. ఈ మాట నేను ఏడాదికి వందసార్లు అంటాను. ఆప్షన్లలో లేనిదాని గురించి ఆలోచిస్తే టైం దండగ, దొరికినదాన్ని పెట్టి ముందుకు పోండి అని బోర్డు మీద రాసి మరీ చెప్తాను.

"లేదు మేడం. గని డెబ్బైతోని గూడ ఆడనే పడ్తది గద. మీదికెల్లి పోయి పడ్తది."

మీదికెల్లి పోయి పడ్తది.

చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. ఆ పిల్ల ఇంకేదో అడుగుతూనే ఉంది, నాకు వినబడలేదు. ఒకే చోట పడడానికి ఎప్పుడూ రెండు దారులుంటాయి. ఒకటి వాలుగా పోయేది, ఒకటి నిటారుగా లేచి పైనుంచి దిగేది. రెండు కోణాలూ కలిపితే తొంభై. మొదటి వారంలో చెప్పే పాఠం ఇది. డెబ్బై డిగ్రీల్లో లేచిన రాయికి గుట్ట లెక్కేకాదు, అది నూట ముప్పై మీటర్ల పైనుంచి గుట్టను దాటిపోయి, అవతల నీడలోకి, నెత్తి మీదికి, సూటిగా దిగుతుంది. గుట్ట దేనికీ అడ్డం కాదు. పైగా గుట్ట ఉండబట్టే కింద కూర్చున్నవాడికి రాయి లేవడం కూడా కనబడదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, ఆ సామెతకు నన్ను తీసుకుపోయి నిలబెట్టవచ్చు.

చేయి కడుక్కున్నానో లేదో గుర్తు లేదు. నాయినకు ఫోన్ చేశాను. గుట్ట వెనక సిగ్నల్ ఉండదు, ఆ సంగతి నాకు తెలుసు, అయినా ఏడుసార్లు చేశాను. అమ్మ ఫోన్ ఇంట్లో మోగి మోగి ఆగిపోయింది. ఆమె కూలికి పోతే ఫోన్ గోడ దిగూట్లో పెట్టి పోతుంది. చివరికి మా వాడకట్టులో కిరాణం నడిపే పెద్దాయనకు చేశాను.

"ఇయ్యాల పేలుస్తరా పెదనాయినా?"

"పేలుస్తరు బిడ్డా. పొద్దుగాలనుంచి బొక్కలు కొడ్తున్నరు, ఒకటే సప్పుడు. ఏమైంది?"

"నాయినను గుట్టకాడికెల్లి లేపాలె. ఎవర్నన్న పంపు, నీ కాళ్లు మొక్కుత."

"గట్లనే. ఎవరన్న ఇటు వస్తే చెప్పి పంపుత" అన్నాడు. ఎండపూట ఆ కొట్టుకు ఎవరూ రారని ఇద్దరికీ తెలుసు. ఆయన నడవలేడు, తప్పు పట్టడానికి లేదు.

ప్రిన్సిపాల్‌కు చెప్పకుండానే బయటపడ్డాను. బస్టాండులో దేవరకొండ బస్సు నిండలేదని డ్రైవరు టీ తాగుతున్నాడు. పది నిమిషాలు ఆగింది. ఆ పది నిమిషాలూ నేను సీట్లో కూర్చొని లెక్కను మళ్లీ మళ్లీ చేశాను. ఎక్కడైనా తప్పు చేశానేమో, డెబ్బై రాకుండా పోతుందేమోనని ఆశ. ఎన్నిసార్లు చేసినా వచ్చింది. ఒక జవాబు తప్పు కావాలని అంతగా కోరుకోవడం నాకు అంతకు ముందు ఎప్పుడూ లేదు. రాయి వేగం కూడా లెక్కకొచ్చింది. గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటి వస్తుంది. నాయిన తలకు రుమాలు తప్ప ఏమీ ఉండదు.

బస్సు కదిలాక భయం ఇంకా పెరిగింది. ఉరుకుతూ ఫోన్లు చేస్తున్నప్పుడు ఏదో ఒకటి చేస్తున్నానన్న భ్రమ ఉంటుంది, ఊరికే కూర్చుంటే అదీ ఉండదు. పక్క సీటామె, "దవాఖానకు పోతున్నవా బిడ్డా, మొఖం గట్లున్నది" అంది. కాదన్నాను. ఆమె తన సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చింది. మూడు వారాలు, మూడు వారాల నుంచి ఆయన అక్కడ కూర్చుంటున్నాడు. ఎన్నిసార్లు పేల్చి ఉంటారు? నాలుగా, ఐదా? ప్రతిసారీ ఆయన సీటీ ఊదినా లేవకుండా నా మాట నమ్మి కళ్లు మూసుకొని పడుకొని ఉంటాడు. దేవుడనేవాడు ఉంటే ఈ ఒక్కరోజు కూడా కాయమని మొక్కాను. నేను మొక్కే మనిషిని కాదు.

రోడ్డు మీద దిగేసరికి మూడు నలభై అయింది. ఆటో దొరికింది. ఊరి దారి మిషన్ ముందునుంచే పోతుంది. అర కిలోమీటరు దూరంలో ఒకతను కట్టెకు ఎర్రగుడ్డ కట్టుకొని అడ్డం నిలబడి ఆటోను ఆపాడు.

"పేలుస్తున్నరమ్మా. పది నిమిషాలు ఆగాలె."

"ఆపుమను. గుట్టెనక మా నాయినున్నడు, మందున్నది. జర ఆపుమనే."

"గుట్టెనక ఫికర్ లేదమ్మా. గాడ రాళ్లు పడయి."

"ఎవరు చెప్పిన్రు?"

"గీ ఊరి పంతులమ్మనే అంట. లెక్కజేసి చెప్పింది. మొన్నమొన్నటిదాక నేనే పోయి సీటీ కొట్టి అందర్ని లేపేటోన్ని. లెక్క సంగతి తెలిసినంక మా సారు గాడికి పోవుడు అవసరం లేదన్నడు."

ఆటో దిగి కడ్డీ పట్టుకొని నిలబడ్డాను. నేను నాయిన ఒక్కడిని మోసం చేశానని అనుకుంటూ వచ్చాను. ఆ నీడకు కట్టెలకు వచ్చేవాళ్లు, మేకలు కాసే వాళ్లు, అందరికీ ఆ సీటీ లేకుండా చేసింది నేనే.

"ఆ పంతులమ్మను నేనే" అన్నాను. "లెక్క తప్పు. ఫోన్ చెయ్యి."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత మారుమాట లేకుండా ఫోన్ తీసి చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మిషన్ వైపునుంచి సైరన్ మొదలైంది. నేను గుట్ట వైపు ఉరకబోయాను, అతను నా చేయి గట్టిగా పట్టుకొని ఆటో వెనక కూర్చోబెట్టాడు. "నువ్వు సచ్చిపోతవమ్మా" అన్నాడు.

ముందు నేల కదిలింది, తర్వాత చప్పుడు వచ్చింది. తెల్లటి దుమ్ము లేచింది. దుమ్ములోంచి నల్లగా చిన్నచిన్న ముక్కలు పైకి పోవడం కనబడింది. చాలావరకు తక్కువ ఎత్తులోనే వంగి పడిపోయాయి. ఒక నాలుగైదు మాత్రం వంగలేదు, పైకి పోతూనే ఉన్నాయి. వాటిని నా కళ్లతో చూశాను. డెబ్బై డిగ్రీల్లో లేచిన రాయి ఆ వేగంతో కింద పడడానికి పన్నెండు సెకన్లు పడుతుంది. ఇది కూడా నాకు తెలుసు. తెలియకపోతే ఎంత బాగుండేది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. ఆరు దగ్గర అవి ఆకాశంలో ఆగినట్టు అయ్యాయి. తర్వాత గుట్ట అవతలికి దిగడం మొదలుపెట్టాయి. తొమ్మిది, పది. నాయిన ముఖం గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు. పదకొండు. పన్నెండు. గుట్ట అడ్డం ఉండడం వల్ల ఏ చప్పుడూ వినబడలేదు.

పేల్చడం అయిపోయిందని చెప్పే రెండో సైరన్ మోగకముందే ఉరికాను. ఎర్రజెండా అతను ఈసారి ఆపలేదు. కంప గీరుకుంది, చెప్పు ఒకటి ఊడిపోయింది, గుట్ట అంచు చుట్టి అవతలికి వచ్చేదాకా నాయినా నాయినా అని అరుస్తూనే ఉన్నాను.

గొర్రెలన్నీ లేచి ఒక్క ముద్దగా నిలబడి ఉన్నాయి. నాయిన బండకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. ఒడిలో ఒక గొర్రెపిల్ల, దాని మీద బోర్లా వంగి, చేతులు రెండూ దాని తలమీద పెట్టి ఉన్నాడు. నా గొంతు విని తల ఎత్తాడు.

"ఏందే బిడ్డా, గీ యాల్ల వచ్చినవ్? సెలవా?"

ఆయన ముందు కూలబడి ఒళ్లంతా తడిమాను. ఏమీ కాలేదు. ఏడుపు తన్నుకొచ్చింది. ఆయనకు పది అడుగుల అవతల నేల గుంటపడి ఉంది, గుంటలో కొబ్బరికాయంత రాయి. తాజాగా పగిలిన రాయి, అంచులు కత్తిలా ఉన్నాయి. అప్పుడు చుట్టూ చూశాను. అట్లాంటి రాళ్లే తెల్లటి అంచులతో ఒకదాని పక్కన ఒకటి పేర్చి, మోకాలెత్తు గోడగా కట్టి ఉన్నాయి. లోపల నాలుగు గొర్రెపిల్లలు పడుకొని ఉన్నాయి. నాయిన పిల్లల కోసం దొడ్డి కట్టాడు. ముప్పై రాళ్ల దాకా ఉంటాయి.

"నాయినా, గీ రాళ్లు ఏడివి?"

ఆయన ఒడిలోని పిల్లను దొడ్డిలోకి దింపాడు.

"మీదికెల్లి పడ్డయేనా గివన్ని?"

"పడ్తున్నయి" అన్నాడు, తప్పు చేసి దొరికినవాడిలాగా నేల చూస్తూ. "మొదటిదినంనుంచే పడ్తున్నయి."

"మరి నాకెందుకు చెప్పలె? మందను తోలుకొని పోకుంట ఈడనే ఎందుకు కూసున్నవ్?"

నాయిన తలరుమాలు విప్పి మళ్లీ కట్టుకున్నాడు. "ఊరందరికి చెప్పిన గద బిడ్డా, మా బిడ్డ లెక్కేసిందని. ఇప్పుడు నేనే మందను తోలుకొని ఎల్లిపోతే మంది ఏమంటరు? నీ సదువు ఇజ్జత్ ఏంగావాలె?"

ఆయనకు రాళ్లంటే భయం లేక కాదు. మూడు వారాలు ప్రతి పేలుడుకూ ఆయన గొర్రెపిల్ల మీద అట్లా వంగి, పడేది పడనీ అని, నా లెక్క తప్పు కాకుండా కాపాడుతూ కూర్చున్నాడు.

"లెక్క తప్పు నాయినా" అన్నాను. "ఇంకో జవాబున్నది, నేను చూడలె. తప్పు నాదే. లేయి, పోదాం."

ఆయన లేచి మందను అదిలించాడు. ఎండ ఇంకా దిగలేదు. గొర్రెలు నీడ వదిలి రావడానికి మొండికేశాయి, ఇద్దరం చెరో వైపు నిలబడి తోలాం. కొంత దూరం నడిచాక నాయిన అన్నాడు. "తప్పని మందికి నేను చెప్ప. నీ ఇష్టం, చెప్పుకుంటే నువ్వే చెప్పుకో."

"నేనే చెప్త" అన్నాను.

ఎర్రజెండా అతను దారి మీద నా ఊడిపోయిన చెప్పు పట్టుకొని నిలబడి ఉన్నాడు. నాయిన మందతో ముందుకు పోయాడు. నేను ఆగి, రేపటినుంచి మళ్లీ గుట్ట వెనకకు పోయి సీటీ కొట్టమని అతనికి చెప్పడం మొదలుపెట్టాను. మీ సారుతో కూడా నేనే మాట్లాడతానన్నాను. అతను, "మరి గీ లెక్కన్న కరెక్టేనా అమ్మా?" అని అడిగాడు.